బావ కడుపులో నెలవంక

మొన్న సూర్యగ్రహణం పట్టిన పొద్దున పక్కింటి పిల్లలు కాంపౌండు గోడ మీదుగా తలలు పెట్టి, తాతా మీ ఇంట్లో పాత ఎక్స్‌రే ఉండాదంట కదా, ఇస్తే సూర్యుణ్ణి చూసి వాపసు ఇచ్చేస్తాం అని అడిగారు. నాకు నవ్వొచ్చింది. ఇప్పుడు హిందూపురమంతా గాలించినా ఎక్స్‌రే ఫిలిం ఉన్న ఇల్లు దొరకడం కష్టం. మన కాలంలో అలా కాదు, ప్రతి ఇంట్లో బీరువా మీదనో పరుపు కిందనో గోధుమరంగు కవరులో ఒకటి ఉండేది, తాతగారి తుంటి ఎముకో, చిన్నమ్మ ఊపిరితిత్తులో. గ్రహణం వచ్చిందంటే చాలు, వీధి వీధంతా ఒకరి పక్కటెముకల సందులోంచి ఇంకొకరు సూర్యుణ్ణి చూసుకునేవాళ్ళం. అలా చూస్తే కళ్ళు పోతాయని తర్వాత తెలిసింది గనుక పిల్లలకు ఇవ్వలేదు, వేపచెట్టు కింద నేల మీద ఆకుల సందుల్లోంచి పడే వెలుగుచుక్కలు చూడమన్నాను. ఆ చుక్కలన్నీ ఆ పూట నెలవంకలై ఉన్నాయి, పిల్లలు వాటిని తొక్కకుండా గెంతుతూ ఆడుకున్నారు.

వాళ్ళకు చెప్పిన బుద్ధి నాకు లేకపోయింది. ట్రంకుపెట్టె అడుగునుంచి నా దగ్గర మిగిలిన ఒకే ఒక ఫిలిం తీసి, పెరట్లోకి పోయి, రెప్పపాటు సేపు సూర్యుడికి అడ్డం పెట్టి చూశాను. అది మా బావ కడుపు. కుడివైపు పక్కటెముకల కింద ఉన్న నల్లటి వంకలో, కొరికినట్టున్న సూర్యుడు సరిగ్గా వెళ్ళి కూర్చున్నాడు. వీపు మీద ఎవరో చల్లటి చెయ్యి వేసినట్టయింది. వసారాలో కూర్చుని ఉన్న మా అక్క అటునుంచే, ఏమిరా చూస్తాండావు అని అడిగింది. ఏమీ లేదన్నాను. ఏమీ లేదనే మాట మా ఇంట్లో చెల్లదని ఆ వయసులోనూ మర్చిపోయాను.

నేను హిందూపురంలో ఒక చిన్న నర్సింగ్‌హోంలో చాలా ఏళ్ళు ఎక్స్‌రేలు తీసినవాణ్ణి. అందరూ కడుపు కోసం పాటుపడతారు, నేను పరుల కడుపులు చూసి నా కడుపు నింపుకున్నాను, తేడా అంతే. ఫోటోగ్రాఫర్లు నవ్వమంటారు, నేను ఊపిరి పట్టమనేవాణ్ణి, అందుకే నా ఫోటోల్లో ఎవరూ అందంగా రాలేదు. ఫిలిం పెట్టే రేకుడబ్బాను మేము క్యాసెట్టు అంటాం, క్యాసెట్టు మీద పొట్ట ఆనించండి అంటే పాటల క్యాసెట్టు అనుకుని ఎవరి పాటలప్పా అని అడిగినవాళ్ళు ఉన్నారు, ఎవరి పాట్లు వాళ్ళవే అని చెప్పేవాణ్ణి. పగలంతా చీకట్లో ఉండి పొద్దు గుంకాక బయటికి వచ్చేవాణ్ణి కాబట్టి, ఈయన గబ్బిలాల డ్యూటీ చేస్తాడని మా ఇంటావిడ చుట్టాలకు చెప్పుకునేది.

ఆ చీకటి గది సంగతి మీలో చూసినవాళ్ళు తక్కువ ఉంటారు. మెట్ల కింద ఇరుకు గది, నల్లగుడ్డ తెర, మూలన ఎర్ర బల్బు. తొట్టిలో మందునీళ్ళు, దానిలో ముంచిన ఫిలిం. మొదట ఏమీ ఉండదు. తర్వాత నీళ్ళ అడుగునుంచి ఎవరో పైకి తేలి వస్తున్నట్టు వెన్నెముక కనపడుతుంది, దాని నుంచి పక్కటెముకలు రెండుపక్కలా చేతులు చాచినట్టు చాచుకుంటాయి. ఆ మనిషి అవతల బెంచీ మీద కూర్చుని దగ్గుతూ ఉంటాడు, ఆ దగ్గు నాకు గోడలోంచి వినపడుతూ ఉంటుంది, అతని లోపలి మనిషి మాత్రం నా చేతిలో మాటాపలుకూ లేకుండా ఉంటాడు. ఎన్నేళ్ళు చేసినా ఆ ఘడియలో నాకు ఒళ్ళు జలదరించకుండా ఉండేది కాదు. కొన్నాళ్ళకు ముఖాలు మర్చిపోయి ఎముకలు గుర్తుంచుకునే అలవాటు పట్టుకుంది. సంతలో ఎవరో పలకరిస్తే, ఈయన ఎవరబ్బా అని తడుముకుని, ఆ, ఎడమవైపు మూడో ఎముక అతికినాయన అని గుర్తుపట్టేవాణ్ణి.

కడిగిన ఫిలింలను పెరట్లో తీగకు క్లిప్పులు పెట్టి ఆరవేసేవాళ్ళం. గాలికి అవి ఒకదానికొకటి తగిలి పటపటమనేవి. వెనకసందులో పోయే ఆడవాళ్ళు పిల్లల కళ్ళకు కొంగు అడ్డం పెట్టి గబగబా నడిచిపోయేవాళ్ళు. ఒకసారి లేపాక్షి నుంచి వచ్చిన ఒక ముసలి రైతు తన ఫిలిం ముందు చేతులు కట్టుకుని చాలాసేపు నిలబడి, చచ్చిపోయినాక ఎట్లుంటానో ఇప్పుడే చూసేస్తి గదప్పా అని నాతో మెల్లిగా అన్నాడు. ఆయన గొంతులో భయం లేదు. భయం నాకే వేసింది.

ఇక మా బావ సంగతి. మా అక్కను ధర్మవరం ఇచ్చాం. బావ అక్కడ పరుపులు, దిండ్లు కుట్టే దుకాణం పెట్టుకున్నాడు. మాది తరతరాలుగా దూది ఏకే కులం, ఉర్దూ కన్నా తెలుగే ముందు వచ్చిన సాయిబులం. ధర్మవరం అంటే అందరికీ పట్టుచీరలు గుర్తొస్తాయి, ఆ చీరలు కట్టుకుని పెళ్ళాడినవాళ్ళందరూ పడుకునేది నా పరుపుల మీదనే అని మా బావ గొప్ప చెప్పుకునేవాడు. ఆయన దూది ఏకి నింపేవాడు, అక్క దబ్బనంతో కుట్టేది. కుట్టడం అయ్యాక ఇద్దరూ పరుపును చెరొకవైపు నుంచి అరచేత్తో, వేళ్ళతో తడుతూ పోయేవాళ్ళు. దూది నిండుగా ఉన్నచోట శబ్దం బరువుగా వస్తుంది. కుట్టు వదిలి దూది జరిగిపోయిన చోట డొల్లగా వస్తుంది. అక్క వంటింట్లో ఉండి కూడా, అంతదూరం నుంచి వినేసి, ఆ మూల డొల్లగా ఉండాది, విప్పు అని కేకేసేది. నాకైతే రెండు శబ్దాలూ ఒకటే. నా చెవులు ముఖానికి అలంకారంగా ఉన్నాయని ఆమె నిశ్చితాభిప్రాయం.

తొంభైల నడిమి ఏళ్ళలో, చలి ఇంకా పూర్తిగా వదలని రంజాన్ నెలలో జరిగింది ఇది. ఆ సాయంత్రం నెలవంక కనపడితే మరునాడు పండగ. అక్క పండక్కు ముందే పెనుకొండలో మా పుట్టింటికి వచ్చి ఉంది. బావ పరుపుల గుడ్డ కొనడానికి ఆ పొద్దున ధర్మవరంలో ప్యాసింజరు ఎక్కి హిందూపురం బయల్దేరాడు. దూది దుమ్ములో గొంతుక్కూర్చుని కూర్చుని ఆయనకు మోకాళ్ళు అరిగిపోయాయి, నొప్పి మాత్రలు మింగనిదే పూట గడిచేది కాదు. ఒక్కపొద్దులు పట్టిన ఆ నెలంతా వాటిని తెల్లవారకముందే, ముద్దన్నం తినీ తినకుండా మింగేవాడట. రైలు సగం దారిలో ఉండగా కడుపులో దబ్బనంతో పొడిచినట్టయిందని ఆయనే తర్వాత చెప్పాడు. ఆ పోటుకు బెంచీ మీద ముడుచుకుపోయాడు. పెనుకొండ స్టేషనులో ఎవరో దించి ఆటో ఎక్కిస్తే మా ఇంటికి చేరాడు.

మా అవ్వకు ఆ చుట్టుపక్కల కడుపునొప్పుల వైద్యంలో పెద్ద పేరు. బొడ్డు జారిందని తేల్చిందంటే మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, రాగిపిండి ముద్దను బొడ్డు మీద అద్ది, దాంట్లో నూనెవత్తి వెలిగించి, దాని మీద ఇత్తడి చెంబు బోర్లించేది. లోపల దీపం ఆరిపోతుంది, చెంబు కడుపును పట్టేస్తుంది. పట్టుకుని లాగినా రాదు. చిన్నప్పుడు మేము తలుపు సందులోంచి చూసేవాళ్ళం, పడుకున్న మనిషి ఊపిరి తీస్తే ఆ చెంబు కూడా లేచి దిగుతూ, ప్రాణం అందులోకి మారినట్టుండేది. ఆ రోజు బావకు కూడా అదే వైద్యం జరిగింది. చెంబు తీసేలోగా నొప్పి తగ్గిపోయింది. అవ్వ దర్గానుంచి తెచ్చిన వెండి తాయెత్తు ఆయన మొలతాడుకు కట్టింది. కాసేపటికి ఆయన లేచి కూర్చుని, ఇంకో రైలుంది, గుడ్డ తెచ్చుకోవాల అని చెప్పులు వేసుకున్నాడు. అందరూ సంతోషపడ్డారు. అక్క మాత్రం ఆయన మొగం చూసి, తానూ వస్తానని వెంటబడింది. దారి పొడుగునా పోరి, బజారుకు కాకుండా ముందు నా దగ్గరికి తీసుకొచ్చింది.

మధ్యాహ్నం దాటాక నేను నల్లతెర తొలగించుకుని బయటికి వచ్చేసరికి బావ బెంచీ మీద కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు.

"ఏమబ్బా బామ్మర్దీ, ఎట్లుండాది నీ ఫోటో స్టూడియో? నవ్వే మొగం ఒగటీ కనపడదే ఈడ!"

నవ్వాను గాని, ఆ మాట ఆ పెదవులనుంచి వచ్చినట్టు అనిపించలేదు. ఆయన మనిషి చామనచాయ, ఆ పూట బూడిద పూసినట్టున్నాడు. పైపెదవి మీద సన్నటి చెమట, ఆ చలికాలంలో. నవ్వుతున్నాడు గాని ఒళ్ళు కదిలించడం లేదు, ఊపిరి కూడా గొంతు దగ్గరే తీసి గొంతు దగ్గరే వదులుతున్నాడు. ఎవరో ఆయన్ను చాలా జాగ్రత్తగా కూర్చోబెట్టి, ఆయన వెనకనుంచి మాట్లాడుతున్నట్టుంది.

"ఆయప్ప మొగం చూడ్రా," అంది అక్క నా చెవిలో. "కడిగిన గిన్నె మాదిరి ఉండాది."

మా డాక్టరుగారు ఆపరేషన్లు చేసే పెద్దాయన, మాట తక్కువ మనిషి. ఆయన బావను బల్ల మీద పడుకోబెట్టి అంగీ ఎత్తారు. బొడ్డు చుట్టూ చెంబు అంచు అచ్చు ఎర్రగా, గుండ్రంగా, కడుపు మీద ఎవరో కన్ను గీసినట్టుంది. చెయ్యి ఆనించి నొక్కారు. మెత్తగా ఉండాల్సిన కడుపు పలకలా ఉంది. నొప్పి ఎప్పుడు పోయిందని అడిగారు. పొద్దున్నే పోయింది సార్, మా అవ్వ చేతి మహిమ అన్నాడు బావ. ఆ జవాబుకు డాక్టరుగారి ముఖం ఇంకా గట్టిపడింది. నొప్పి పోయిందన్న మాటకు ఒక వైద్యుడు భయపడటం నేను మొదటిసారి చూశాను.

నిలబెట్టి ఎక్స్‌రే తియ్యమన్నారు. పడుకోబెడితే దొరకదు, నిలబడితేనే, అదీ కాసేపు నిలబడితేనే, దాక్కున్న గాలి పైకి చేరి కనపడుతుంది. తాయెత్తు తియ్యి బావా, ఫోటోలో అడ్డం వస్తుంది అన్నాను. తియ్యనంటే తియ్యనన్నాడు. అది కట్టినాకనే గదరా నొప్పి పోయింది, తీస్తే మల్లా వస్తే నువ్వు పడతావా? అక్క బతిమాలింది. చివరికి డాక్టరుగారే, ఉండనీ, అది నడుము దగ్గర ఉంది, మనకు పని పైన అని తెగ్గొట్టారు. బావను స్టాండుకు ఆనించి నిలబెట్టి ఎదురు చూశాం. ఆ చిన్న గదిలో యంత్రం గుయ్యిమనే చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆయన కళ్ళు మూసుకుని, ఎంత హాయిగా ఉండాది తెలుసునా అన్నాడు, ఎవరితోనో. నేను ఊపిరి పట్టమన్నాను. పట్టాడు. వదలమన్నాను. వదిలాడో లేదో నాకు వినపడలేదు.

చీకటి గదిలో ఫిలిం ముంచి నిలబడ్డాను. నీళ్ళ అడుగునుంచి వెన్నెముక వచ్చింది. పక్కటెముకలు వచ్చాయి. నడుము దగ్గర తాయెత్తు, ఎర్ర వెలుతురులో మెరుస్తున్న గింజలా వచ్చింది. ఆ తర్వాత, కుడివైపు, ఊపిరితిత్తికీ కాలేయానికీ నడుమ గీతంత చోటు కూడా ఉండకూడని చోట, ఒక వంక మెల్లగా నల్లబడుతూ వచ్చింది. నెలవంక. బోర్లా పడిన నెలవంక, కొమ్ములు కిందికి. మా అవ్వ చెంబు బోర్లించినట్టే బోర్లించి ఉంది. దాని అర్థం నాకు తెలుసు. పేగుకో జీర్ణాశయానికో చిల్లుపడి గాలి బయటికి వచ్చేసింది, గాలితోపాటు లోపలిదంతా వస్తోంది. గోడవతల బావ ఎవరితోనో జోకులు వేస్తున్నాడు, జనం నవ్వుతున్నారు. ఆ నవ్వులు వింటూ, చేతిలో ఈ వంక నల్లబడటం చూస్తూ, నేను ఇద్దరు బావల నడుమ నిలబడి ఉన్నానని, అందులో నిజమైనవాడు నీళ్ళలో ఉన్నవాడని అనిపించింది.

ఆరబెట్టే ఓపిక ఎక్కడిది, నీళ్ళు కారుతుండగానే పెరట్లోకి తెచ్చి తీగకు తగిలించి డాక్టరుగార్ని కేకేశాను. ఆ తొందరలో తలకిందులుగా తగిలించాను. బావ కూడా అక్క భుజం పట్టుకుని మెల్లిగా వచ్చాడు. వెనక ఎండ ఉంది. తలకిందులైన ఫిలింలో కొమ్ములు పైకి తిరిగిన ఆ వంకను చూసి ఆయన మొగం వెలిగిపోయింది.

"నెల పొడిచిందే! చూడే, నా కడుపులోనే పొడిచింది. రేపు పండగ!"

బెంచీల మీదివాళ్ళు కొందరు లేచి వచ్చి చూసి, నిజమేనప్పా అన్నారు. తెల్లటి తాయెత్తును చూపించి, అదీ మహిమ అన్నారు. డాక్టరుగారు ఫిలిం తీసి సరిగ్గా తిప్పి తగిలించారు. నెలవంక బోర్లా పడింది. అప్పుడు చెప్పారు. తినీ తినక మింగిన నొప్పి మాత్రలకు లోపల చిల్లు పడిందని, మొదట పులుపునీళ్ళు లోపలంతా కాలుస్తాయి గనుక పోటు వస్తుందని, తర్వాత వాటిని పలచన చెయ్యడానికి ఒళ్ళే నీళ్ళు ఊరుస్తుంది గనుక కొన్ని గంటలు హాయిగా ఉంటుందని, ఆ హాయిని నమ్మితే మనిషి దక్కడని. సాయంత్రం లోపల కొయ్యాలన్నారు.

బావ నవ్వాడు. నొప్పి ల్యాకుండా కోసేది యాడన్నా ఉండాదా సార్ అన్నాడు. గుడ్డ కొనుక్కుని సాయంత్రం ప్యాసింజరుకు పోతానన్నాడు. పండగ దిండ్లు కుట్టాల్సినవి ఉన్నాయన్నాడు. నొప్పి వస్తే మల్లా వస్తాలే అన్నాడు. మళ్ళీ వచ్చే నొప్పికి ఇక తిరుగు రైలు లేదని డాక్టరుగారు ఎలా చెప్పాలో అలా చెప్పి చూశారు. బొమ్మ ఎంత నల్లగా చెబుతున్నా, ఎదురుగా మనిషి నిలబడి బాగున్నానంటుంటే ఎవరు మాత్రం బొమ్మను నమ్ముతారు? నాకే నమ్మబుద్ధి కాలేదు. అక్క ఒకసారి ఫిలిం వైపు, ఒకసారి ఆయన వైపు చూస్తోంది. ఆ నలుపూ తెలుపూ ఆమెకు ఏమీ చెప్పడం లేదు.

డాక్టరుగారు ఆఖరి ప్రయత్నంగా బావను మళ్ళీ బల్ల మీద కూర్చోబెట్టి, కుడి పక్కటెముకల మీద ఎడమచేతి వేలు ఆనించి, దాని మీద కుడిచేతి వేలితో తలుపు కొట్టినట్టు కొట్టారు. అది డాక్టర్లు రోజూ చేసే పనే. గుమ్మంలో నిలబడ్డ అక్క తల ఒక్కసారి పైకెత్తింది.

"సార్, ఇంగోసారి కొట్టండి."

ఆయన ఆశ్చర్యపోయి కొట్టారు. ఆమె దగ్గరికి వచ్చింది.

"నువ్వు రారా ఇట్లా. అంగీ ఎత్తు," అంది నాతో.

డాక్టరుగారి ముందు, నర్సుల ముందు, నేను అంగీ ఎత్తుకుని నిలబడ్డాను. ఆమె నా కుడి పక్కటెముకల అడుగున వేళ్ళతో తట్టింది. తర్వాత బావకు అదేచోట తట్టింది. మళ్ళీ నాకు, మళ్ళీ ఆయనకు. పరుపు మీద చెయ్యి నడిచినట్టే నడిచింది ఆమె చెయ్యి.

"వీడు నిండుగా ఉండాడు. నువ్వు డొల్లగా ఉండావు."

"వాడు నిండుగా ఉండక ఏమే! తలకాయలో ఉండాల్సిందంతా ఆడికే దిగింది," అన్నాడు బావ. అక్క ఆయన చెయ్యి పట్టుకుని, ఆయన వేళ్ళతోనే ఆయన ఒంటి మీద కొట్టించింది. బరువుగా మోగాల్సిన కాలేయం మీద, ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు మోగింది. ఈసారి నా అలంకారపు చెవులకు కూడా వినపడింది. మనిషి లోపలి నుంచి అలాంటి శబ్దం రావడం నేనెప్పుడూ వినలేదు, లోపల ఎవరూ లేని ఇంటి తలుపు కొట్టినట్టుంది. బావ ఇంకోసారి తనంతట తానే కొట్టుకున్నాడు. తల పక్కకు వంచి విన్నాడు, దుకాణంలో వినే తీరునే. ఆయన మొగంలో నవ్వు ఎలా వచ్చిందో అలాగే మెల్లిగా వెనక్కు పోయింది.

"కుట్టు ఇడిసింది గదే," అన్నాడు.

"ఊ," అంది అక్క.

బావ డాక్టరుగారి వైపు తిరిగాడు. "మల్లా కుడతారా సార్?"

"కుడతాను."

"దారం గట్టిది ఏస్తారు గదా."

పొద్దు వాలకముందే లోపలికి తీసుకుపోయారు. తాయెత్తును అక్క మొలతాడునుంచి విప్పి ఆయన మణికట్టుకు కట్టింది, దానికి డాక్టరుగారు అడ్డుచెప్పలేదు. నేనూ అక్కా పెరట్లో కూర్చున్నాం. తీగ మీద ఆ ఫిలిం ఆరి, గాలికి తిరుగుతోంది. ఒకసారి తిరిగితే నెల కనపడుతుంది, ఇంకోసారి తిరిగితే మాయమవుతుంది. చూడొద్దనుకుంటూనే ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. మసీదు వైపునుంచి టపాకాయలు పేలాయి. నెల కనపడిందని జనం వీధుల్లోకి వచ్చి ఒకరినొకరు కౌగిలించుకుంటున్నారు. అక్క ఆకాశం వైపు తలెత్తలేదు, మూసి ఉన్న ఆపరేషన్ గది తలుపు వైపే చూస్తూ కూర్చుంది. ఆ తలుపు తెరిచి డాక్టరుగారు బయటికి వచ్చి, ఒక్కపొద్దు ఉండబట్టి కడుపులో ఏమీ లేదు, లేకపోతే ఇంకా పాడయ్యేది, కుట్టేశాను అన్నప్పుడు మాత్రం నా భుజం మీద తల ఆనించింది.

బావ బతికాడు. పండగ సేమియా తాగకుండా, ముక్కులో గొట్టంతో మమ్మల్నందరినీ కళ్ళతోనే తిట్టాడు. అవ్వను పెనుకొండనుంచి పిలిపించి ఫిలిం చూపిస్తే ఆమె ఏమీ తగ్గలేదు. తాయెత్తు మీద వేలు పెట్టి, ఇది మాది అంది, నెలవంక మీద వేలు పెట్టి, అది మీ డాక్టరుది, ఇద్దరం కలిసి నిలబెట్టినాం పో అంది. కాని ఆ తర్వాత ఆమె వైద్యంలో ఒక కొత్త మాట చేరింది. చెంబు తీశాక నొప్పి ఉండాదా అని అడిగేది, ఉండాదంటే మళ్ళీ చెంబు పెట్టేది, చటుక్కున పోయిందంటే మాత్రం, అయితే లేచి హిందూపురం పో, మా మనవడుండాడు ఆడ అని తరిమేది. నొప్పి పోయినవాళ్ళు ఏడుపు మొగాలతో మా నర్సింగ్‌హోంకు వచ్చి, ఎందుకు వచ్చారో చెప్పలేక నిలబడేవాళ్ళు. చాలామందికి ఏమీ ఉండేది కాదు, పోయిన నొప్పి నిజంగా పోయిందే. అయినా ఒక్కొక్కరినీ నిలబెట్టి తీసేవాణ్ణి.

ఫిలింను బావ పట్టుకుపోయి ధర్మవరం దుకాణంలో కిటికీకి అంటించుకున్నాడు. పొద్దుటి ఎండ దాంట్లోంచి పడి, కొత్త పరుపుల మీద ఆయన పక్కటెముకల నీడ మెల్లిగా జరుగుతూ ఉండేది. కొత్తపెళ్ళివాళ్ళు పరుపు కొనను వచ్చి దాని మీద ఆ నీడ చూసి జంకేవాళ్ళు. రెండువేల సంవత్సరం దాటాక ఒకసారి నేను అక్కడికి పోయినప్పుడు, అక్క లోపల ఉండగా, ఆయన దూది మీద చెయ్యి ఆడిస్తూ ఒక మాట చెప్పాడు. ఆ పొద్దున నొప్పి పోయిన కాడినుంచి మీరు కోసేదాకా ఉండె చూడు, అంత హాయి నేను పుట్టినాక యాడా చూడలేదురా, మోకాళ్ళు కూడా నొయ్యలే, ఎవరో మెత్తటి పరుపు మీద పండుకోబెట్టి, ఇంగ లేవాల్సిన పనిలేదు అని చెప్పినట్టుండె. మీ అక్కతో అనబాకు, ఒకోనాడు ఆ హాయి మల్లా కావాలనిపిస్తాది. అని, దూదిని ముక్కు దగ్గర పెట్టుకుని నవ్వాడు. ఆ నవ్వు నేను బెంచీ మీద చూసినదే.

ఆ ఆపరేషన్ తర్వాత మా ఇంట్లో నొప్పి పోయింది అనే మాటకు ఎవరూ సంతోషించేవాళ్ళు కాదు. తలనొప్పి తగ్గిందన్నా అక్క దగ్గరికి వచ్చి మొగం చూసేది. ఇంకొన్నేళ్ళకు, మనుమరాళ్ళు కూడా పుట్టాక, ఒక పొద్దున బావ లేచి, ఈ పొద్దు మోకాళ్ళు అస్సలు నొయ్యడంల్యా, దుకాణం దాకా నడిచిపోతా అన్నాడట. అక్క చేతిలో గ్లాసు పక్కన పెట్టి, ఆయన్ను కూర్చోబెట్టి, పక్కటెముకల కింద తట్టి చూసిందట. నిండుగానే ఉంది. కడుపు మెత్తగానే ఉంది. ఆయన నవ్వుతూ వాకిట్లో పీట మీద కూర్చుని, ఎండ కాగుతూ, అట్లే పోయాడు. ఈసారి వదిలిన కుట్టు ఏదో, అది నా యంత్రాలకూ ఆమె వేళ్ళకూ కూడా చిక్కనిది. దుకాణం ఖాళీ చేసి మా ఇంటికి వచ్చేసేటప్పుడు కిటికీనుంచి ఫిలిం పీకి, అక్క నాకిచ్చింది.

నేనూ రిటైరయ్యాను. స్కానింగులు వచ్చాయి, చీకటి గది మందులు పెట్టుకునే గది అయింది, ఎర్ర బల్బు ఎవరో పీకేశారు. ఈమధ్య నాకూ కడుపులో పోటు వస్తే పుట్టపర్తి ఆసుపత్రికి తీసుకుపోయారు. ఒక అమ్మాయి నన్ను తెల్లటి గుండ్రటి గుహలోకి పంపింది, యంత్రమే ఊపిరి పట్టండి అంది, యంత్రమే వదలండి అంది, నా వృత్తికి వారసుడు దొరికాడని సంతోషించాను. నన్ను ముక్కలు ముక్కలుగా కోసిన బొమ్మలు నేను చెప్పులు వేసుకునేలోగా మా అబ్బాయి ఫోనులోకి వచ్చేశాయి. చిన్న రాయి, మందులతో పోతుందన్నారు. చాలా గొప్ప సంగతి, ఆ కాలంలో ఇవుంటే ఎంతమంది ఇంకా ఉండేవాళ్ళో. కాని డాక్టరు తెరవైపు చూస్తూనే మాట్లాడాడు. బయటికి వచ్చాక గుర్తొచ్చింది, ఎవరూ నా కడుపు మీద చెయ్యి వెయ్యలేదని. ఇప్పుడు మన లోపలి మనుషుల్ని ఎవరూ తీగ మీద ఆరవెయ్యరు, ఎండకు ఎత్తిపట్టి చూడరు.

గ్రహణం విడిచాక అక్క వసారానుంచి లేచి పెరట్లోకి వచ్చింది. నా చేతిలో ఏముందో చూసింది. దాన్ని తీసుకుని కొంగుతో దుమ్ము తుడిచి, నెలవంక ఉన్నచోట ఇంకొంచెంసేపు తుడిచి, వాపసు ఇచ్చింది. ఎందుకురా అట్లుండావు, కడుపునొప్పి ఎట్లుండాది అంది. పోయిందక్కా అనేశాను. ఆమె దగ్గరికి వచ్చి, వేళ్ళతో నా కుడి పక్కటెముకల కింద తట్టి, తల వంచి వింది. మళ్ళీ తట్టింది.

"నిండుగానే ఉండావులే," అంది చివరికి, లోపలికి పోతూ.

ఊరందరికీ ఊపిరి పట్టమని చెప్పినవాణ్ణి, ఆ కాసేపూ నేనే ఊపిరి పట్టి నిలబడి ఉన్నానని అప్పుడు తెలిసింది. వదలమని చెప్పేవాళ్ళెవరూ పక్కన లేకపోయేసరికి, నాకు నేనే చెప్పుకుని వదిలాను.